నేలకిచ్చిన ప్లీహం

తెల్లవారి ఆరున్నరకు సుబ్బరాయప్ప కాఫీ లోటా కింద పెట్టి, మంచం మీద కూర్చున్న భార్య గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పాడు.

"కంట్లో ఏదో నలక ఉండాది. కదలకుండా ఉండు."

"రోజూ నా కంట్లోనే పడతాది నలక" అంది కెంపమ్మ. "ధర్మపురి దుమ్ముకు నేనొక్కదాన్నే దొరికినట్టుండాది."

ఆయన బొటనవేలితో కింది రెప్పను మెల్లగా లాగి చూశాడు. నిన్నటికంటే తెల్లగా ఉంది. కోడిగుడ్డు పెంకు లోపలి పొరకు ఉండే తెలుపు. రెప్ప వదిలేసి, పైపంచెతో ఆమె చెంప తుడిచాడు.

"పోయింది."

"పోయింది గదా. ఇంక నీ కాఫీ తాగు, చల్లారిపోతాది."

ఆ గది కూతురు శశికళ ఇంట్లో వెనక గది. తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు రెండు వీధుల అవతల, రెండో అంతస్తు. ఉన్నది ఒకే కిటికీ. తెరిస్తే చేతికందే దూరంలో పక్క లాడ్జి గోడ. సొంతూరు వెల్లిచందైలో పొలం గట్టు మీద నిలబడితే కంటికి ఎక్కడా అడ్డులేని మనిషి కెంపమ్మ. పోయిన ఆగస్టు నుంచి, అంటే ఏడు నెలలుగా, ఆమె ఈ గోడనే చూస్తోంది. మెట్లు దిగడం ఆసుపత్రికి పోవడానికే. దిగేటప్పుడు ఒకరు, ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి.

ఆగస్టులో వేరుశెనగ చేలో కలుపు తీస్తూ ఆమె ఉన్నట్టుండి కూలబడిపోయింది. ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చేసరికి కడుపంతా రక్తం నిండి ఉంది. ప్లీహంలో గడ్డ పగిలిందని చెప్పి, రాత్రికి రాత్రే ఆపరేషన్ చేసి ప్లీహం తీసేశారు. ఇంట్లో ఎవరికీ దానికి తెలుగు మాట తెలియదు. మణ్ణీరల్ అని తమిళంలోనే అనుకున్నారు. "రక్తపు గడ్డ, అంతే. ఇంక భయం లేదు" అని అప్పుడు ఇంటికి వచ్చి చెప్పింది సుబ్బరాయప్పే. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కుడివైపు డొక్కలో నొప్పి. స్కాన్ తీస్తే కాలేయంలో మచ్చలు కనబడ్డాయి. అల్లుడు మంజునాథ్ సెలవు పెట్టి అత్తమామల్ని, శశికళను బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు స్కాన్ చూసి, ఆగస్టులో తీసిన ప్లీహం తాలూకు ముక్కలు కావాలన్నాడు. తీసిన అవయవాన్ని ల్యాబులో చిన్నచిన్న ముక్కలుగా కోసి, మైనంలో పోసి దాచిపెడతారట. వాటిని మళ్ళీ పలచగా కోసి, ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తేనే జబ్బు ఏదో తేలుతుందట. మంజునాథ్ ధర్మపురి ల్యాబుకు పోయి పొట్లం తెచ్చి ఆయన ముందు విప్పాడు. అందులో అగ్గిపెట్టెలో సగం ఉన్న ఒక మైనపు బిళ్ళ, రెండు గాజుపలకలు ఉన్నాయి.

"అంత పెద్ద ప్లీహానికి ఒకే ఒక్క ముక్కా?" అని డాక్టరు రెండుసార్లు అడిగాడు.

తర్వాత ఓపికగా విడమరిచి చెప్పాడు. ఇది రక్తనాళాల్లో పుట్టిన గడ్డలా ఉంది. ఇలాంటిది ఒకచోట చూస్తే ఏ హానీ చేయని గడ్డలాగే కనబడుతుంది, అంగుళం పక్కన కాన్సర్ ఉంటుంది. ఇరవై ముక్కలైనా చూడకుండా తేల్చలేం. ఈ ఒక్క ముక్కలో ఎన్ని రంగులు వేసినా అనుమానమే తప్ప రుజువు లేదు. ఇప్పుడు కాలేయం నుంచి ముక్క తీయాలి. రక్తనాళాల జబ్బు కాబట్టి ఊరికే సూది గుచ్చితే రక్తం ఆగకపోవచ్చు. ఆపరేషన్ గదిలో, రక్తం సిద్ధంగా పెట్టుకుని, కెమెరాతో చూస్తూ తీయాలి. అయినా ప్రమాదం ఉంటుంది. తీయకపోతే ఏ మందు ఇవ్వాలో తెలియదు.

కెంపమ్మను అప్పుడు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల సుబ్బరాయప్ప సంతకానికి కలం పట్టుకున్నాడు. పట్టుకుని కిందపెట్టేశాడు. "ఊరికి పోయి చెప్తాను సార్" అన్నాడు.

అది జరిగి పదకొండు రోజులైంది. ఆయన ఇంకా చెప్పలేదు.

*

"ఈరోజు నేను ల్యాబుకు పోతా ఉన్నా" అంది శశికళ, దోసె తిప్పుతూ. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఆ రోజు సెలవు పెట్టింది. "ఒక్క ముక్క చూసి ఏమీ లేదని ఎట్లా రాసిచ్చినారో ఆ వరదరాజన్ డాక్టర్ని ముఖం మీదే అడుగుతా."

"ఏంటికి తల్లీ ఇప్పుడు" అన్నాడు సుబ్బరాయప్ప.

"ఏంటికా? నువ్వు బెంగళూరులో సంతకం పెట్టవు. కారణం చెప్పవు. వీళ్ళు అప్పుడే సరిగ్గా చూసి ఉంటే అమ్మకు ఈ గతి పట్టేదా? సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తా. పేపర్లో వేయిస్తా."

"అర్జీ గిర్జీ వద్దు."

"నువ్వు ఊరికే ఉండు నాయినా. నీకు అందరూ మంచోళ్ళే."

వెనక గదిలోంచి కెంపమ్మ గొంతు వినిపించింది. "ఏంటే శశీ, ఆ దోసెను కొడతా ఉండావా, కాలుస్తా ఉండావా?"

"కాలుస్తా ఉండానమ్మా!"

"అయితే అరవకుండా కాల్చు. పక్కింటి శివగామి రసం పంపించింది, అది వెచ్చబెట్టు."

కెంపమ్మకు తెలిసిందల్లా ఒంట్లో రక్తం తక్కువైందనే. అందరూ కలిసి కట్టిన అబద్ధం అది. దాని చుట్టూ ఇంట్లో గొంతులు తగ్గించుకుని తిరుగుతున్నారు. శశికళ గొంతు ఇంకా తగ్గించి, "ఆమె రోజుకింత కరిగిపోతా ఉంటే నేను దోసెలు పోస్తా ఉండా నాయినా" అంది. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, పెనం దించి, చెప్పులు వేసుకుంది.

సుబ్బరాయప్ప కూడా వెనకాలే దిగాడు. ఆపడానికి దిగాడో, తోడు పోవడానికి దిగాడో ఆయనకే తెలియలేదు.

ల్యాబు కోర్టు వెనక సందులో ఉంది. మూడు గదులు. తుడుస్తున్న ముసలావిడ చిన్నతాయి తలెత్తి సుబ్బరాయప్పను చూసి చీపురు గోడకానించింది. స్టూలు తెచ్చి ఫాను కింద వేసింది.

"కూర్చోండి పెద్దాయనా" అంది తమిళంలో. "అమ్మ బాగుండారా?"

శశికళ తండ్రి వైపు చూసింది. ఈ ల్యాబు మొహం ఎరగనని మంజునాథ్‌తో చెప్పిన మనిషి ఆయన. మైనపు బిళ్ళ తేవడానికి కూడా రాలేదు.

వరదరాజన్ డాక్టరుకు అరవై దాటి ఉంటాయి. శశికళ నిలబడే అడిగింది. ఇంట్లో కూడబెట్టుకున్న మాటలన్నీ అడిగింది. ఆయన మధ్యలో అడ్డురాలేదు. విన్నంతసేపూ ఆమె భుజం మీదుగా స్టూలు మీది మనిషినే చూస్తున్నాడు.

"ఏమీ లేదని నేను రాయలేదమ్మా" అన్నాడు చివరికి.

"మా దగ్గర రిపోర్టు ఉండాది సార్. ఒక పేజీ. రక్తనాళాల గడ్డ, ఈ ముక్కలో కాన్సర్ కనబడలేదు అని ఉండాది."

"రెండో పేజీ?"

"రెండో పేజీ లేదు."

డాక్టరు మళ్ళీ స్టూలు వైపు చూశాడు. "పెద్దాయనా, నేను చెప్పమంటారా?" అని మెల్లగా అడిగాడు.

సుబ్బరాయప్ప తల అడ్డంగా ఊపాడు.

"నేనే చెప్తాను" అన్నాడు. "రెండో పేజీ నా పెట్టెలో ఉండాది శశీ. కొన్ని కణాలు అనుమానంగా ఉండాయి, మిగతా ప్లీహమంతా పంపండి, చూడాలి, అని అందులో ఉండాది. చదివించుకున్నా. చదివించుకుని దాచిపెట్టినా."

"మిగతాది ఆసుపత్రిలోనే గదా ఉండాలి? వాళ్ళు పంపలేదా?"

"ఆసుపత్రిలో లేదు. నేను తీసుకుపోయినా."

శశికళకు అర్థం కాలేదు.

"ఆపరేషన్ డాక్టరు కుదరదన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నా. చూసి చూసి, ఒక ముక్క కోసి ల్యాబుకు పెట్టుకుని, మిగతాది మూతడబ్బాలో వేసిచ్చినాడు. మన చేలో, మా నాయిన సమాధి పక్కన పూడ్చినా. తొమ్మిదో రోజు ఈ కాగితం వచ్చింది." ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పార తీసుకుని పోయి తవ్వినా శశీ. బకెట్లో వేసి, గుడ్డ కప్పి, బస్సెక్కి ఇక్కడికి తెచ్చినా. బస్సులో అందరూ దూరం జరిగినారు. ఈయమ్మ మాత్రం ముక్కు మూసుకోకుండా బకెట్ అందుకునింది."

చిన్నతాయి గోడ వైపు తిరిగి నిలబడింది.

"మందునీళ్ళలో వేయకపోతే కొన్ని గంటల్లోనే కణాలు పాడైపోతాయి" అన్నాడు వరదరాజన్. "తొమ్మిది రోజులు మట్టిలో ఉన్నదాంట్లో చూడ్డానికి ఏమీ మిగల్లేదు. అందుకే రెండు నెలలకొకసారి తప్పకుండా స్కాన్ తీయించమని చెప్పాను."

శశికళ తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "తీయించినావా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"స్కాన్ ఏంటికని మీ అమ్మ అడిగితే ఏం చెప్పేది? రోజూ కంటిరెప్ప లాగి చూస్తా వచ్చినా. రక్తం తగ్గితే అక్కడ తెలుస్తాదని ఒక నర్సు చెప్పింది."

శశికళ డాక్టరుకు దండం పెట్టి బయటికి నడిచింది. ఎండలో తండ్రికంటే ఇరవై అడుగులు ముందు నడిచింది. రోడ్డు దాటేచోట మాత్రం ఆగింది. ఆయన దాటాక మళ్ళీ ముందుకు పోయింది.

*

మధ్యాహ్నం మంజునాథ్ భోజనానికి వచ్చేసరికి వంటిల్లు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల శశికళ గట్టు మీద చేతులు ఆనించి నిలబడి ఉంది. మామ నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. విషయం నాలుగు ముక్కల్లో విని, మంజునాథ్ కూడా పక్కనే చతికిలబడ్డాడు.

"పోనీలే శశీ, మామకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు.

"తెలీకపోతే పెట్టెలో ఏంటికి దాచినాడు? తెలిసే దాచినాడు. ఏడు నెలలండీ! మనం ఊళ్ళో ఉండే డాక్టర్లందర్నీ తిడతా ఉంటే పక్కనే కూర్చుని విన్నాడు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "ఇప్పుడైనా సంతకం పెట్టొచ్చు గదా. ఆడ కూడా అడ్డమే."

"మళ్ళీ కోస్తే రక్తం ఆగకపోతే?" అన్నాడు సుబ్బరాయప్ప. "ఒకసారి నా చేతులారా చెడగొట్టినా. రెండోసారి కూడా నా చేత్తోనే సంతకం పెట్టి పంపించేదా? పెడితే ఒక భయం, పెట్టకపోతే ఒక భయం. ఎటు పోవాలో తోవ కనబడలేదు నాకు."

"ఆ డాక్టరు వద్దన్నా కాళ్ళు పట్టుకుని తెచ్చి పూడ్చమని నిన్ను ఎవురు అడిగినారు? చెప్పు నాయినా. ఎవురు చెప్పినారు నీకు?"

ఆయన పైపంచె తీసి మోకాళ్ళ మీద మడత పెట్టాడు.

"చెప్పు!"

"ఎవురూ చెప్పలేదు. నా బుద్ధి. నా పాడు బుద్ధి."

తలుపు కిర్రుమంది. కెంపమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. వెనక గది నుంచి అక్కడికి పన్నెండు అడుగులు. నెలరోజుల్లో ఆమె ఒంటరిగా అంత దూరం నడవలేదు.

"నేను చెప్పినా" అంది.

"అత్తా, మీరు ఏంటికి లేచినారు" అంటూ మంజునాథ్ స్టూలు జరిపాడు. ఆమె కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగింది.

"ఆపరేషన్‌కు తోసుకుపోతా ఉంటే ఈయన చెయ్యి పట్టుకుని నేనే అడిగినా. నా ఒంట్లోంచి తీసింది ఏదైనా ఆసుపత్రి చెత్తలో వేయనీకు, మన నేలకు తీసుకుపో అని. చెరుకు గానుగలో మా మామ వేలు తెగితే తెచ్చి గట్టున పూడ్చినాం గదా. మన ఇండ్లలో ఎవురినీ కాల్చరు, మనిషి మొత్తంగా మన మట్టికే పోవాల. నేను ఒక తావ, నా కడుపులోది ఒక తావ పోతాదేమోనని భయపడినా." ఆమె భర్త వైపు చూసింది. "అడిగింది నేను. మరి నీ బుద్ధి అంటావేంటయ్యా?"



కెంపమ్మ వంగి ఉన్న ఆయన నెత్తి మీది తెల్లవెంట్రుకలనే చూసింది. ఆమెకు అర్థమవుతూ ఉండడం శశికళకు కనబడింది. ఆయన ఆ కాగితం దాచింది తనను తాను కాపాడుకోవడానికి కాదు. ఆ దాపరికానికి తల్లి ఒంటి రక్తం ఖర్చయింది, అది నిజమే. కానీ ఆయన దాచింది తల్లి మాట. ఆమె మాటే ఆమెకు ముప్పు తెచ్చిందని ఆమెకు తెలియకూడదని.

"ఈ ముప్పై ఎనిమిదేండ్లలో నేను చెప్పింది ఒక్కటైనా గుర్తుపెట్టుకుని తెచ్చినాడా ఈ మనిషి" అంది కెంపమ్మ. "పాలక్కోడు సంతకు పోతే ఉప్పు మరిచిపోతాడు. పెండ్లికి పోతే నన్నే మరిచిపోయి బస్సెక్కినాడు ఒకసారి. ఇది ఒక్కటి మాత్రం మరవలేదు సూడు!"

మంజునాథ్ నవ్వబోయి ఆపుకున్నాడు. శశికళ మాత్రం నేలమీద కూలబడి తల్లి మోకాలిపై తల పెట్టేసింది. కెంపమ్మ ఆమె జుట్టు నిమురుతూ అడిగింది.

"ఇప్పుడు సరిగ్గా చెప్పు. రక్తం తక్కువ అని కథ చెప్పొద్దు. నాకు ఏముండాది?"

శశికళ చెప్పింది. ల్యాబులో విన్నది, బెంగళూరులో విన్నది, ఏదీ వదలకుండా చెప్పింది.

"అయితే కాన్సరా?"

"తెలీదమ్మా. అదే ఎవురికీ తెలీదు. కాలేయంలోంచి ఇంకొక ముక్క తీస్తే గానీ తెలీదంట. తీసేటప్పుడు రక్తం పోయే భయం ఉండాదంట."

"తీయకుంటే?"

మంజునాథ్ లేచి నీళ్ళ చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రోజంతా ఆ లాడ్జి గోడ చూస్తా కూర్చుంటా" అంది కెంపమ్మ. "మీరు వంటింట్లో గుసగుసలాడేది, నేనొస్తే ఆపేసేది, అన్నీ వినబడతాయి నాకు. నా ఇంటి మనుషులే నా చుట్టూ గోడ కట్టినట్టుండాది. ఇట్లా ఏమీ తెలీకుండా ఉండేదానికి నా వల్ల కాదు. తీయనీండి."

"కెంపా..." అన్నాడు సుబ్బరాయప్ప.

"నీ సంతకం ఏంటికి? నాకు చెయ్యి లేదా? అయిదో క్లాసు దాకా పోయినా. నా పేరు నేనే రాస్తా."

*

బెంగళూరులో ఆమె తన పేరు తమిళ అక్షరాల్లో, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ రాసింది. కాలేయంలోంచి ముక్క తీసినప్పుడు రక్తం కారింది, అనుకున్నంత త్వరగా ఆగలేదు. మూడు సీసాలు ఎక్కించారు. తలుపు బయట నాలుగు గంటలు తండ్రీకూతుళ్ళు ఒకే బెంచీకి రెండు చివర్లలో కూర్చున్నారు. మూడో గంటలో శశికళ లేచి పోయి ఒక టీ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన సగం తాగి, మిగిలిన సగం ఆమె వైపు జరిపాడు. ఆమె తాగింది.

రంగులు వేసి చూసిన ఫలితం పదహారు రోజులకు వచ్చింది. ఆ వారం కెంపమ్మ రక్తం ఎక్కించుకోవడానికి వార్డులోనే ఉంది. డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి శశికళను చేత్తో పిలిచాడు. వరండాలో కాగితం తెరిచి ఇంగ్లీషులో గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. శశికళ ముఖం మారింది.

సుబ్బరాయప్పకు ఇంగ్లీషు రాదు. కూతురి ముఖం చదవడం వచ్చు. ఆయన ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"సార్, ఏదైనా సరే, లోపలికి వచ్చి ఆమెకే చెప్పండి. అది ఆమె ఒంటి సంగతి గదా. మా నుంచి ఆమెకు పోతే మళ్ళీ ఏదో ఒకటి మధ్యలో దాచిపెడతాం."

డాక్టరు ఒక క్షణం ఆయన్ను చూసి, కాగితం మడిచి, లోపలికి నడిచాడు. స్టూలు లాక్కుని కెంపమ్మ కళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయనది చిత్తూరు వైపు ఊరు, తెలుగు బాగానే వచ్చు.

"చెడ్డ గడ్డేనమ్మా. ఆంజియోసార్కోమా అంటారు. రక్తనాళాల్లో పుట్టే కాన్సర్. ప్లీహంలో మొదలై కాలేయానికి వచ్చింది. చాలా అరుదు. నా సర్వీసులో ఇది రెండోది."

"నయమవుతాదా?"

"నయమవుతుందని చెప్పలేను. మందు ఉంది. దాంతో నొప్పి తగ్గొచ్చు, కొన్ని నెలలు కలిసి రావొచ్చు."

కెంపమ్మ తల ఊపింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ సుబ్బరాయప్ప అప్పుడు అడిగాడు.

"సార్, ఆ ప్లీహం నేను ఇచ్చి ఉంటే? మట్టిలో పెట్టకుండా ఉంటే?"

డాక్టరు ఆయన వైపు తిరిగాడు. "ఆగస్టులోనే తెలిసేది" అన్నాడు. "ఏడు నెలలు ముందు మందు మొదలుపెట్టేవాళ్ళం. ఆ మందు ఎంత పనిచేసేదో నాకు తెలియదు. కడుపులో గడ్డ పగిలి రక్తం చిందినప్పుడే ఈ జబ్బు పాకిపోతుంది చాలామందికి. మీ వల్ల ఏమీ కాలేదని అనను పెద్దాయనా. అంతా మీ వల్లే అయిందని కూడా అనను."

ఆయన లేచి, కెంపమ్మ చేతి మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు మన ఊరికి పోవచ్చా శశీ?" అంది కెంపమ్మ. "మందుకు మళ్ళీ వస్తా. మధ్యలో వెల్లిచందైలో ఉంటా. మెట్లు లేకుండా ఉండాల నాకు."

"పోదాం అమ్మా. నేనూ వస్తా." శశికళ కళ్ళు తుడుచుకుని తండ్రి దగ్గరికి వచ్చింది, ఆయన మోచేయి పట్టుకుంది. "నాయినా, పొద్దున్నుంచి నిలబడే ఉండావు. అమ్మ పక్కన కూర్చో."

ఆ మాటకు ఆయనలో ఏదో తెగింది. మంచం అంచున కూర్చోబోయి, కూర్చోలేక, భార్య కాళ్ళ మీద పడి పిల్లవాడిలా గొంతెత్తి ఏడ్చాడు. వార్డులో ఎనిమిది మంచాల వాళ్ళూ తిరిగి చూశారు. శశికళ వంగి వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడ్వనీ" అంది కెంపమ్మ. "ఏడు నెలలది."

సెలైన్ సూది లేని చేత్తో తన పైట కొంగు లాగి, ఎవరికీ కనబడకుండా ఆయన ముఖం మీద కప్పింది.